లింకు పోస్టరు... వ్యాసం ప్రింటు!

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీ ఫోనులో ‘తర్వాత చదువుదాంలే’ అని దాచిపెట్టుకున్న వ్యాసాలు ఎన్ని ఉన్నాయి? పోనీ, వాటిల్లో ఆఖరి పేరా దాకా చదివినవి ఎన్ని?

తల గోక్కోకండి! తప్పు మీది కాదు... హాలుది.

అదేమిటి, వ్యాసానికీ హాలుకీ సంబంధం ఏమిటంటారా? ఉంది. రెండున్నర గంటల సినిమాని మనం కుర్చీలోంచి కదలకుండా ఎలా చూడగలుగుతున్నాం? మనకి ఓపిక ఎక్కువై కాదు. తలుపులు మూస్తారు. లైట్లు ఆర్పుతారు. ఎదురుగా ఒకటే తెర, దాని మీద ఒకటే బొమ్మ. పక్కింటి పెళ్ళి కబుర్లూ, క్రికెట్ స్కోరూ లోపలికి రావు. అందుకని సినిమా మనల్ని పట్టుకుంటుంది.

మరి ఫోను? అది అన్ని తలుపులూ బార్లా తెరిచిపెట్టిన హాలు. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లీ గారి కెమెరా పనితనం గురించి ఓ పెద్ద వ్యాసం తెరుస్తారు. రెండో పేరాలో ఉండగా ‘టింగ్’మంటుంది. స్నేహితుడు పంపిన జోకు. అది చదివి నవ్వుకునేలోపల ఇంకో ‘టింగ్’... కొత్త ట్రైలరు. ట్రైలరు కింద ఎవరో ఎవర్నో తిడుతూ ఉంటారు, అదీ చూడాలి కదా! మళ్ళీ వ్యాసంలోకి వచ్చేసరికి బార్ట్‌లీ గారి వెన్నెల కాస్తా తెల్లారిపోయి ఉంటుంది.

వ్యాసం బాగాలేక కాదండీ. హాలు బాగాలేక!

అందుకని నేనేం చేశానంటే, పెద్ద వ్యాసాల కోసం వేరే హాలు కట్టుకున్నాను. దాని పేరు ఈ-రీడర్.

ఒకే ఒక్క ఫ్రేము

చూడ్డానికి చిన్నప్పటి పలక లాంటిదే, అంత కూడా ఉండదు. మామూలు రకాల్లో రంగుల్లేవు. బొమ్మలు కదలవు. పాటల్లేవు, ఫైట్లు అసలే లేవు. మన కుర్రకారుకి చూపిస్తే ‘ఇదేం బ్లాక్ అండ్ వైట్ సినిమా గురూ!’ అంటారు. నిజమే, బ్లాక్ అండ్ వైటే. దాని గొప్పంతా అక్కడే ఉంది.

ఈ తెరని ఇ-ఇంక్ అంటారు. అమెరికాలో ఎంఐటీకి చెందిన కొందరు 1997లో పెట్టిన కంపెనీ పేరే తెరకీ స్థిరపడిపోయింది. వెంట్రుక మందం ఉండే బుడగలు లక్షల కొద్దీ ఆ తెరలో పరిచి ఉంటాయి. ఒక్కో బుడగలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. కరెంటు ఇటు ఇస్తే తెల్లవి పైకి తేలతాయి, అటు ఇస్తే నల్లవి పైకి వస్తాయి. అలా అక్షరం ఏర్పడుతుంది. ఏర్పడ్డాక ఇక కరెంటు అక్కర్లేదు, అక్షరం దానంతటదే నిలబడి ఉంటుంది. మళ్ళీ పేజీ తిప్పినప్పుడే తెరకి ఖర్చు. అందుకే ఒకసారి చార్జి చేస్తే వారాల తరబడి వస్తుంది.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు పరుగెత్తిస్తుంది. ఈ తెర ఒకే ఒక్క ఫ్రేముని పట్టుకుని, మీరు చదివేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది. ఎండలో పెట్టినా కాగితంలాగే కనిపిస్తుంది.

ఇది నిన్నమొన్నటిది కూడా కాదు. 2004లో సోనీ వారు జపానులో ‘లిబ్రియే’ అనే యంత్రాన్ని ఈ తెరతో విడుదల చేశారు. 2007 నవంబరు 19న అమెజాన్ వారి కిండిల్ వచ్చింది. మొదటి కిండిల్ ధర 399 డాలర్లు! దాన్ని పుస్తకాల కోసమే తయారుచేశారు. కానీ నాలాంటి వాళ్ళకి అది పనికొచ్చేది ఇంకో దానికి... వెబ్‌లో దొరికే పొడుగాటి వ్యాసాలకి.

బాక్సు చేరిందా?

పూర్వం ఊళ్ళో సినిమా హాలుకి రీళ్ళ బాక్సు బస్సులోనో రైల్లోనో వచ్చేది. బాక్సు దిగితేనే షో. మన వ్యాసానికీ అలాగే ఓ బాక్సు కట్టి పంపాలి. కంగారు పడకండి, అంత బ్రహ్మవిద్యేం కాదు.

కిండిల్‌కి దానికంటూ ఓ ఈమెయిల్ చిరునామా ఉంటుంది. అవును, మనిషికి ఉన్నట్టే యంత్రానికీ చిరునామా! ఆ చిరునామాకి ఫైలు జతచేసి పంపితే, వైఫై తగలగానే వ్యాసం వచ్చి లోపల కూర్చుంటుంది. గేటు దగ్గర కాపలా మాత్రం ఉంటుంది సుమండీ. మీరు ముందుగా ఒప్పుకున్న చిరునామాల నుంచి వచ్చినవాటినే లోపలికి రానిస్తుంది. 2022 నుంచి ఈపబ్ ఫైళ్ళని కూడా ఈ దారిలో తీసుకుంటున్నారు. కంప్యూటరు బ్రౌజరుకి తగిలించుకునే ఓ బొత్తం కూడా ఉంది. వ్యాసం తెరిచి దాన్ని నొక్కితే చాలు.

వెబ్‌లో వ్యాసం చుట్టూ ప్రకటనలు, ‘ఇవి కూడా చదవండి’ అనే పెట్టెలు, ఎగిరెగిరిపడే బొమ్మలు ఉంటాయి కదా, అవన్నీ వస్తాయా అంటారేమో. రావు! ఎడిటింగ్ రూములో కత్తెర పట్టుకున్నవాడిలా, ఏది అసలు కథ, ఏది అనవసరం అని పోల్చుకుని కత్తిరించే ప్రోగ్రాములు ఉన్నాయి. 2009లో ఆర్క్90 అనే సంస్థ ‘రీడబిలిటీ’ అని ఇలాంటిదే చేసింది. మరుసటేడు ఆపిల్ వారి సఫారీ బ్రౌజరులో కూడా ‘రీడర్’ అనే బొత్తం వచ్చింది.

వ్యాసాలని దాచిపెట్టి తర్వాత అందించే సర్వీసులూ ఉన్నాయి. మార్కో ఆర్మెంట్ అనే ఆయన 2008లో మొదలుపెట్టిన ఇన్‌స్టాపేపర్ అలాంటిదే. కోబో అనే ఇంకో రకం ఈ-రీడర్లలో 2025 నుంచి ఇన్‌స్టాపేపర్ యంత్రంలోనే అమర్చి ఉంది. ఇక పూర్తిగా సొంత వంట కావాలంటే ‘కాలిబర్’ ఉంది. దాన్ని తయారుచేసింది మనవాడే, కోవిద్ గోయల్. 2006లో సోనీ వారి రీడరు ఆయన వాడే లినక్స్ కంప్యూటరుతో మాట్లాడకపోతే, మాట్లాడించడానికి మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఉచితంగానే ఇస్తున్నాడు. చాలా రకాల ఫైళ్ళని ఈ-రీడరుకి పనికొచ్చేలా మార్చిపెడుతుంది.

నా పద్ధతి చెబుతాను. ఆదివారం రాత్రి మూడు వ్యాసాలు పంపుకుంటాను. మూడే! నాలుగోది ఎంత ఊరించినా సరే, వచ్చే వారమే. అవి చేరగానే వైఫై కట్టేస్తాను. ఇక శనివారం దాకా ఆ మూడు వ్యాసాలే నా ఆట. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్.బి.నగర్ దాకా నాకు ట్రైలరూ లేదు, తగాదా లేదు.

దీనివల్ల ఒరిగిందేమిటంటారా? ఇందాక చెప్పిన బార్ట్‌లీ గారి వ్యాసాన్నే తీసుకోండి. అది ఫోనులో ఎన్నాళ్ళగానో ఉంది. పలకలోకి పంపాక రెండు ప్రయాణాల్లో పూర్తయింది. ఆ రాత్రే ‘మాయాబజార్’ మళ్ళీ పెట్టుకుని చూశాను. ఎన్నోసారో లెక్కలేదు. కానీ అన్నాళ్ళూ రంగారావు గారినీ, సావిత్రి గారినీ చూస్తూ వచ్చిన నేను, మొదటిసారి వాళ్ళ మీద పడ్డ వెలుతురుని చూశాను. నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూశాను. ఒక్క వ్యాసం చివరిదాకా చదివితే పాత సినిమా కొత్త సినిమా అయిపోయింది!

బాబాయి కటింగు పుస్తకాలు

ఇప్పుడు తెనాలిలో ఉన్న మా బాబాయి సంగతి చెప్పాలి. వ్యాసాలు దాచుకునే పిచ్చి ఆయన నుంచే అంటుకుంది నాకు.

బాబాయి కుర్రతనంలో సినిమా పత్రిక ఏదొచ్చినా కొనేవాడు. ముందు మూడుసార్లు చదివేవాడు. ఆ తర్వాత బ్లేడుతో వ్యాసం వరకు జాగ్రత్తగా కోసి, మైదాపిండి ఉడికించిన జిగురుతో పొడుగు నోటు పుస్తకంలో అంటించేవాడు. పైన ఎర్ర సిరాతో పత్రిక పేరూ, తేదీ. అలాంటి పుస్తకాలు పదకొండు ఉన్నాయి. పిన్ని ఎన్నిసార్లు పాత కాగితాల వాడికి వేసేస్తానని బెదిరించినా, అవి మాత్రం అటక దిగలేదు. ‘ఒరే అబ్బాయ్, పత్రిక అంగట్లో ఉండేది వారమేరా. మనకి కావాల్సింది మన ఇంట్లో ఉండాలి’ అనేవాడు.

ఆ బాబాయికి ఇప్పుడు డెబ్భై దాటాయి. కంటి ఆపరేషన్ అయింది గానీ, సన్న అక్షరాలు కుదరడం లేదు. ఆ పదకొండు పుస్తకాల్లో ఉన్నవన్నీ సన్న అక్షరాలే! పేపరు మానేశాడు, పత్రిక మానేశాడు. పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుంటున్నాడు. ఏది పెట్టినా చూస్తాడు, దేనికీ ఏమీ అనడు. ఒకప్పుడు సినిమా మీద ఎవరేమన్నా ఊరుకోని మనిషి, ఏమీ అనకుండా కూర్చోవడం... చూడలేకపోయాను.

సంక్రాంతికి వెళ్ళేటప్పుడు నా పలక పట్టుకెళ్దామనుకున్నాను. ఇందులో అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు కదా! కానీ ఇక్కడే వచ్చింది చిక్కు. బాబాయి చదివేది తెలుగు.

నా దగ్గరున్నది పాత యంత్రం. దాంట్లో తెలుగు వ్యాసం తెరిస్తే వత్తులు ఊడిపోయి పక్కన పడుతున్నాయి. ‘స్త్రీ’ అని ఉండాల్సిన చోట అక్షరాలు తలో దిక్కూ చూస్తున్నాయి. మన భాషకి ఈ రంగంలో వేషాలు ఆలస్యంగానే దొరికాయి లెండి. 2016 డిసెంబరులో అమెజాన్ వారు కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు అయిదు భాషలని తీసుకున్నారు. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ టైటిల్సులో తెలుగు పేరు లేదు!

అయితే దారి ఉంది. మీలో తెలుగు చదివేవాళ్ళు, చదివించాల్సిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. వ్యాసాన్ని కంప్యూటరులో వర్డ్ లాంటి ప్రోగ్రాములోకి తెచ్చుకోండి. పేజీ కొలత 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. 6 అంగుళాల తెరకి అది సరిగ్గా సరిపోతుంది. ‘మండలి’ లాంటి తెలుగు ఫాంటు పెట్టి, అక్షరం సైజు 20 చేసి, పీడీఎఫ్‌గా దాచండి. పీడీఎఫ్‌లో అక్షరాలు ఫోటో తీసినట్టు ఎక్కడివక్కడే ఉంటాయి, వత్తు ఊడదు. కిండిల్‌కి మెయిల్ చేసేటప్పుడు సబ్జెక్టులో ‘కన్వర్ట్’ అని మాత్రం రాయకండి. రాస్తే దాన్ని మళ్ళీ విప్పి మార్చే ప్రయత్నం చేస్తుంది.

అన్నట్టు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు ‘ఎన్టీఆర్’! అభిమానులు గమనించగలరు.

సరే, అలా కట్టిన బాక్సుతో తెనాలి వెళ్ళాను. ఎస్.వి.రంగారావు గారి మీద ఓ పొడుగాటి వ్యాసం తెరిచి బాబాయి చేతిలో పెట్టాను. ‘ఏంట్రా ఇది, పలకా?’ అన్నాడు. తర్వాత మాట్లాడలేదు. పేజీ తిప్పడం నేర్పాను. పదిహేను నిమిషాలు... అరగంట... పిన్ని కాఫీ తెచ్చిపెడితే చల్లారిపోయింది. నాకు లోపల గుబులు, ఈయనకి కనిపిస్తోందా లేక నా మొహం చూసి నటిస్తున్నాడా అని.

ముప్పావుగంట తర్వాత ఒక్కసారిగా, ‘వీడెవడ్రా రాసింది? ‘నర్తనశాల’ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాడు! కీచకుడి వేషానికి జకార్తా ఫెస్టివల్లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చిందిరా ఆయనకి! దాని గురించి ఓ పేజీ ఉండొద్దూ?’ అని విరుచుకుపడ్డాడు.

నేనేం మాట్లాడలేదు. పిన్ని కూడా వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. మా బాబాయి మళ్ళీ పోట్లాడుతున్నాడు!

గోడ మీద పోస్టరు

కోపం తగ్గాక పలకని ఇటూ అటూ తిప్పి చూసి బాబాయి ఒక ప్రశ్న వేశాడు. ‘ఇవి నీ దగ్గర ఉన్నట్టేనా? లేక ఇంకోడి దగ్గర ఉంటే నువ్వు చూసొస్తున్నట్టా?’

కటింగు పుస్తకాల మనిషి కదా, అసలు కిటుకు పట్టేశాడు!

మనం ఫోనులో ‘దాచుకున్నాను’ అనుకునేది చాలావరకు వ్యాసం కాదు. దాని లింకు. లింకు అంటే గోడ మీది పోస్టరు. ఫలానా చోట ఫలానా బొమ్మ ఆడుతోందని చెబుతుంది, అంతే. హాలు మూసేస్తే పోస్టరుని పట్టుకుని ఏం చూస్తాం?

మన దేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’ సంగతి మీకు తెలుసు. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలై జనాన్ని ఊపేసింది. ఇప్పుడు కొన్ని స్టిల్సూ, ప్రకటనలూ ఉన్నాయి. ప్రింటు మాత్రం ఒక్కటీ దొరకడం లేదు. మొట్టమొదటిసారి మన వెండితెర మాట్లాడిన మాటలు మనం ఇక వినలేం.

వ్యాసాలకీ అదే గతి పడుతోంది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళ తర్వాత తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ వారు 2024లో లెక్కగట్టి చెప్పారు. దాచిపెట్టే సర్వీసులే శాశ్వతం కాదు. ‘పాకెట్’ ఉండేది. 2007లో ‘రీడ్ ఇట్ లేటర్’ అనే పేరుతో పుట్టి, 2012లో పేరు మార్చుకుని, 2017లో మొజిల్లా వారి చేతికి వచ్చి, 2025 జూలై 8న మూతపడింది. వాడేవాళ్ళకి తమ జాబితా దింపుకోవడానికి కొంత గడువిచ్చారు. కానీ ఆ జాబితాలో వచ్చినవి లింకులే. అంటే పోస్టర్లే!

నా పలకలో ఓ వ్యాసం ఉంది. మన సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసిన పాతతరం నటుల గురించి ఎవరో అభిమాని ఎంతో శ్రమపడి రాసింది. అది వచ్చిన చిన్న సైటు ఇప్పుడు లేదు. లింకు నొక్కితే ఖాళీ పేజీ. వ్యాసం మాత్రం నా దగ్గర పదిలంగా ఉంది, ఎందుకంటే నేను తెచ్చుకున్నది పోస్టరుని కాదు, ప్రింటుని.

యంత్రాన్ని కూడా పూర్తిగా నమ్మి కూర్చోకూడదు లెండి. కిండిల్‌లో కొన్న పుస్తకాలని కంప్యూటరులోకి దింపుకుని తీగ ద్వారా ఎక్కించుకునే సౌకర్యాన్ని 2025 ఫిబ్రవరి 26న అమెజాన్ వారు తీసేశారు. అందుకని నేను పంపే ప్రతి ఫైలుకీ ఓ నకలు కంప్యూటరులో ఉంచుతాను. ఫైలు పేరులో పత్రిక పేరూ, తేదీ. ఎర్ర సిరా లేదు గానీ, పద్ధతి బాబాయిదే!

ఒక్క మాట. ఇది సొంతంగా చదువుకోవడానికే సుమా. ఆ ఫైళ్ళని ఊరందరికీ పంచిపెడితే అది దొంగప్రింటుతో సమానం. స్నేహితుడికి చెప్పాలంటే లింకు పంపండి. పోస్టరు పని అదేగా! చందా కట్టి చదవాల్సిన పత్రిక అయితే కట్టండి. రాసినవాడికి కూడా ఇల్లు గడవాలి కదా.

ఇంతకీ నా మనవి ఏమిటంటే, లక్ష పోస్టర్లు అంటించిన గోడ కంటే ఒక్క ప్రింటు ఆడే హాలు మేలు. ఈ ఆదివారం మీరు దాచుకున్న వాటిల్లోంచి ఒక్కటంటే ఒక్కటి ఎంచుకోండి. మీ అభిమాన దర్శకుడి గురించో, మీకు నచ్చిన పాట పుట్టిన కథో, ఏదైనా సరే. ఈ-రీడరు లేకపోయినా ఫరవాలేదు, కాగితం మీద ప్రింటు తీసుకున్నా హాలు హాలే! ఇంట్లో కళ్ళు ఆనని పెద్దవాళ్ళుంటే వాళ్ళకీ ఒకటి, పెద్ద అక్షరాల్లో.

ఆ తర్వాత ఫోనుని పక్కగదిలో పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి రండి.

షో టైమయింది!